గోడ దగ్గర డెమో క్లాసు

పోయినవారం మనం హైందవిని సంఘం హాలు గేటు ముందు, చేతిలో రంగు బకెట్‌తో, నోట మాట రాని స్థితిలో వదిలేసి మన పనులు చూసుకున్నాం. పాపం ఆ పిల్ల వారం నుంచి అలాగే నిలబడి ఉంది. ఆలస్యం చేస్తే పాపం మనకే తగులుతుంది కాబట్టి వెంటనే అక్కడికి వెళ్దాం.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. హైందవిది భీమవరం. పంజగుట్టలో ఓ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, అమీర్‌పేటలో మన సందులోని లేడీస్ హాస్టల్లో నివాసం. సందు మొదట్లో ఉన్న సంఘం హాలు ప్రహరీ గోడ తొంభై అడుగుల పొడవు. దాని మీద జావా, ఒరాకిల్, డాట్ నెట్ పోస్టర్లు అట్టలు కట్టి ఉంటాయి. ఆ గోడ మీద వీధివాళ్ళందరూ కలిసి బొమ్మలు వేయాలని ఈ పిల్లకి కోరిక పుట్టింది. వీధి సంఘం అధ్యక్షుడు రామకృష్ణగారు కాదనలేదు గానీ ఓ షరతు పెట్టారు. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా వంద మంది వీధివాళ్ళు ఆ గోడకి రంగు వేయాలి. ఒక్కరు తక్కువైనా గోడ మూలమీది కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటనకి వెళ్ళిపోతుంది.

సరే, హైందవి కరపత్రాలు అచ్చు వేయించింది. 'ఆదివారం ఉదయం పదింటికి, సంఘం హాలు వద్ద, గోడ మీద రంగులు, అందరికీ ఉచితం' అని రాసిచ్చింది. ప్రెస్సువాడు పదేళ్ళుగా ఇన్‌స్టిట్యూట్ల కరపత్రాలు తప్ప ఇంకేమీ అచ్చు వేసి ఎరగడు. అలవాటు కొద్దీ అదే పసుపు కాగితం మీద, కింద తనంతట తానే రెండు లైన్లు చేర్చాడు. 'అనుభవజ్ఞులైన ఫ్యాకల్టీ. సీట్లు పరిమితం.'

ఆదివారం పదయ్యేసరికి గేటు ముందు అరవై మందికి పైగా జనం. అందరి చేతుల్లో నోటు పుస్తకాలు, పెన్నులు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"మేడమ్, డెమో క్లాసు ఎక్కడ?"

ఇక్కడే కదా మనం ఆగింది.

హైందవికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇది క్లాసు కాదండీ. గోడకి రంగులు వేయడం. అంతే" అంది.

ముందు వరసలో ఉన్న పొడుగాటి కుర్రాడు, శ్రీకాకుళం నుంచి వచ్చి మన సందులోనే బాయ్స్ హాస్టల్లో ఉంటున్న తారక్, కరపత్రాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. "కోర్సు ఎన్ని రోజులండీ? మెటీరియల్ ఇస్తారా?"

"కోర్సు కాదు బాబూ!"

"పోనీ ప్లేస్‌మెంట్ ఉందా?"

వెనకనుంచి ఎవరో "పొద్దున్నే స్నానం చేసి వచ్చామండీ" అన్నారు. గొణుగుడు మొదలైంది. ఇద్దరు ముగ్గురు అప్పుడే వెనక్కి తిరిగారు. సందులో సొంత ఇళ్ళున్నవాళ్ళు బాల్కనీల్లో నిలబడి తమాషా చూస్తున్నారు తప్ప ఒక్కరూ కిందికి దిగలేదు. అరవై మందిని చేతులారా పోగొట్టుకుంటే మిగిలేది తనూ, బకెట్టూ. గోడ పోయినట్టే అనుకుంది హైందవి.

అదే సమయానికి క్రీస్తుదాసు వచ్చాడు.

అరవై రెండేళ్ళ మనిషి. బోరబండలో ఉంటాడు. ఒకప్పుడు అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా సగం బోర్డులు ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షులు కడిగి అటక మీద పెట్టేశాడు. బొమ్మలకి గీతలు గీసిపెట్టమని హైందవి మూడు వారాలు తిరిగింది. మూడు వారాలూ ఆయన ఒకటే మాట చెప్పాడు. "నేను గీసిన గోడ మీద ఇంకోల్ల చెయ్యి పడొద్దు బిడ్డా. అందరు రుద్దుతరంటే నేను రాను." ఈరోజు కూడా ఆ మాట చివరిసారి చెప్పిపోదామనే వచ్చాడు. పొద్దుటి ప్రార్థన ముగించుకుని, చర్చికి వేసుకునే ఇస్త్రీ తెల్ల చొక్కాతోనే వచ్చాడంటే అర్థం చేసుకోండి. కానీ భుజాన పాత రేకు పెట్టె ఎందుకు తగిలించుకు వచ్చాడో ఆయన్నే అడగాలి.

"ఏంది గీ మంది?" అన్నాడు.

ఎదురుగా ఇడ్లీ బండి బుచ్చమ్మ పడీపడీ నవ్వుతోంది. "నీ క్లాసుకే వచ్చిండ్రు దాసన్నా! ఫ్యాకల్టీ అంటే నువ్వేనంట!"

క్రీస్తుదాసు జనం వైపు చూశాడు. అరవై మంది పిల్లలు పెన్నుల మూతలు తీసి ఆయన ఏం చెబుతాడా అని చూస్తున్నారు. రెండేళ్ళ నుంచి ఆ మనిషిని హైందవి తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. ఈ పని మీకెలా వచ్చు అని అడిగినవాళ్ళు అసలే లేరు. ఆయన గొంతు సవరించుకున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు.

"బుక్కులు లోపల పెట్టుండ్రి. ఇది రాసుకునే సదువు కాదు. మొదటి పాఠం, గోడ కడుగుడు. ఎవరి దగ్గర ఏముంటే గది తెచ్చుకోని గీకుండ్రి!"

హైందవికి ఆ క్షణాన ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు గానీ పరుగెత్తుకుంటూ వెళ్ళి బుచ్చమ్మ బండి దగ్గరున్న నీళ్ళ డ్రమ్ము దొర్లించుకొచ్చింది.

ఇక చూడండి సందడి. స్కేళ్ళతో ఒకరు, అట్లకాడతో ఒకరు, హాస్టల్ తాళంచెవితో ఒకరు. పోస్టర్ల మీద పోస్టర్లు, వాటి కింద ఇంకా పోస్టర్లు. పైన జావా, శాప్ పొర. దాని కింద టెస్టింగ్ టూల్స్. ఇంకా కిందికి వెళితే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్, ఆ కింద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్స్. ఒక్కో పొర ఊడుతుంటే పిల్లలు పేర్లు గట్టిగా చదువుతున్నారు. "మా అన్నయ్య చేసింది ఇదేరా!" అని ఒకడు కోబాల్ పోస్టర్ ముక్కని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. మైదా పిండి జిగురు వాసనతో సందంతా నిండిపోయింది.

ఒక మూల శుభ్రం కాగానే క్రీస్తుదాసు పెట్టెలోంచి సుద్దపొడి అద్దిన దారం ఉండ తీశాడు. గోడకి ఈ చివర ఓ మేకు కొట్టి దారం కట్టి, ఆ చివర తాను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే తిన్నని గీత పడుతుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఆయన పద్ధతి అది. మిగతా పెయింటర్లు రెండో చివర పట్టుకోవడానికి మనిషిని పెట్టుకుంటారు. ఈయన మేకుని పెట్టుకున్నాడు. మేకు అడ్డదిడ్డంగా కదలదు, సలహాలు ఇవ్వదు.

సుత్తి ఎత్తి ఆగాడు. పక్కన తారక్ చేతులు కట్టుకుని, తరగతిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"సార్, నేను పట్టుకోనా?"

క్రీస్తుదాసు ఓసారి మేకు వైపు చూశాడు, ఓసారి కుర్రాడి వేళ్ళ వైపు చూశాడు. మేకుని జేబులో వేసుకున్నాడు. "గట్టిగ పట్టు. వణకకు. జర కిందికి... ఆ, గంతే."

టప్పుమని గీత పడింది. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. గీతకి చప్పట్లు కొట్టడం క్రీస్తుదాసు జన్మలో మొదటిసారి విన్నాడు. ముసలాయన సిగ్గుపడ్డాడంటే నమ్మండి.

పదకొండున్నరకి గోడ శుభ్రమైనంత మేర గళ్ళు సిద్ధమయ్యాయి. ఆ గళ్ళ మీద క్రీస్తుదాసు సుద్దముక్కతో ఇదే సందుని, తెల్లవారుజామున ఎలా ఉంటుందో అలా గీయడం మొదలుపెట్టాడు. హాస్టల్ మెట్లు, పాల సైకిలు, బుచ్చమ్మ బండి, చర్చికి వెళ్ళే గొడుగు. మనిషికో గడి. ఎవరి గడి వాళ్ళు నింపుకోవాలి.

అదుగో, అప్పుడు వచ్చారు రామకృష్ణగారు.

ఆయన ఎర్రమంజిల్‌లో ఓ ఆఫీసులో సూపరింటెండెంటు. నడక కూడా ఫైలు చంకలో పెట్టుకున్నట్టే ఉంటుంది. జనాన్ని చూసి ముందు ఆశ్చర్యపోయారు, తరవాత కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఏంటమ్మాయ్ ఇదంతా? వీళ్ళంతా ఎవరు?"

"మన వీధివాళ్ళేనండీ" అంది హైందవి సంబరంగా. "అరవై ఆరు మంది. సాయంత్రానికి వంద అయిపోతారు."

"మన వీధివాళ్ళా? వీళ్ళలో ఒక్కరికైనా మన సందులో ఇల్లుందా? హాస్టళ్ళలో మూడు నెలలుంటారు, కోర్సు అయిపోగానే పోతారు. మళ్ళీ వీళ్ళ మొహం మనం చూడం. నేను వీధివాళ్ళన్నానంటే ఇక్కడ ఉండేవాళ్ళని."

"వీళ్ళూ ఇక్కడే ఉంటున్నారు కదండీ."

"నువ్వూ హాస్టల్ పిల్లవే. నీకది అర్థం కాదులే." మాట కటువుగా అనాలని ఆయనకి లేదు, కానీ కటువుగానే వచ్చింది. "నా లెక్కలో ఒక్కరూ లేరు. సున్నా."

గోడ దగ్గర గీకుడు ఆగిపోయింది. తారక్ చేతిలో స్కేలు అలాగే ఉండిపోయింది. సొంత ఊళ్ళో వాణ్ణి ఇంటిపేరుతో పిలుస్తారు. ఇక్కడ ఎనిమిది నెలలుగా రూమ్ నంబరు త్రీ. ఇప్పుడు ఆ నంబరు కూడా పోయి సున్నా అయ్యాడు. హైందవికి మొహం వేడెక్కింది.

బుచ్చమ్మ గరిటె చేత్తో పట్టుకునే వచ్చేసింది. "సారూ, గిట్లనొద్దు. పొద్దుగాల నా బండి కాడ గీ పొల్లగాండ్లే నిలవడ్తరు. ఒగడు పోతే ఇంకొగడొస్తడు గానీ, సందు ఏనాడన్న ఖాళీగున్నదా? సొంతిల్లు నాకు సుత లేదు. మరి నేనేడిదాన్ని?"

రామకృష్ణగారు తడబడ్డారు. బుచ్చమ్మ ఇడ్లీ తిననిదే ఆయన ఆఫీసుకు వెళ్ళరు. "నీ సంగతి వేరు బుచ్చమ్మా..."

"ఎట్ల వేరు?"

అంతలో గోడ చివరినుంచి ఓ అమ్మాయి కేక వేసింది. "సార్! ఇక్కడ కింద రాత ఉంది! పోస్టర్ కాదు, రంగు!"

అందరూ అటు కదిలారు. కోబాల్ పొర కింద, గోడకి అంటుకుపోయిన నీలం రంగు అక్షరాలు. నీళ్ళు చల్లి రుద్దేకొద్దీ ఒక్కొక్కటీ బయటపడ్డాయి. అడుగు ఎత్తు అక్షరాలు, తూచి రాసినట్టున్నాయి. 'టైపు, షార్ట్‌హ్యాండు నేర్పబడును.' అన్నీ ముత్యాల్లా ఉన్నాయి, చివరి అక్షరం తప్ప. దాని రంగు గీత దాటి పక్కకి పొంగి, కిందికి మూడు చారలుగా జారి ఎండిపోయింది.

క్రీస్తుదాసు ఆ అక్షరం ముందు కూలబడ్డాడు.

"ఇది నేను రాసిందే. ఎనభై రెండుల. గీ గోడ మీద నా మొదటి పని." ఆయన వేలితో ఆ చారలు తడిమాడు. "గీ అక్షరం నాది కాదు. పొద్దుగాల నుంచి ఒక సన్న పిలగాడు సంచి భుజానేసుకోని, రోడ్డు మీద నిలవడి నన్నే చూస్తుండు. ఊరి నుంచి అప్పుడే దిగిండు. ఎవ్వరు తెల్వదు. ఒక్కసారి బ్రష్ ఇస్తవా అన్నా అన్నడు. పాపమనిపించి ఇచ్చిన. చివరి అక్షరం నింపమన్న. ఆగం చేసిండు."

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఇన్‌స్టిట్యూట్ ఓనరు వచ్చి నన్ను బూతులు తిట్టిండు. గోడంతా మల్ల దిద్దమన్నడు. నేను దిద్దలే. పిలగాడు మస్తు ఖుషీ అయిండు, దాన్ని నేనెట్ల తుడవాలె? ఆ పని నా చేతుల్నుంచి పోయింది. అప్పట్నుంచి నా గోడ మీద ఎవ్వర్ని చెయ్యి పెట్టనియ్యలే. మేకు తోనే పని చేసుకున్న."

ఇన్నాళ్ళూ ముసలాయనది పొగరనుకున్న హైందవికి తన మీద తనకే కోపం వచ్చింది.

"నీలం మరక పోలేదు."

మాట్లాడింది రామకృష్ణగారు. ఆయన గొంతు అధ్యక్షుడి గొంతులా లేదు.

"ఆ చొక్కా మా అమ్మ కుట్టించింది, హైదరాబాదు వెళ్తున్నానని. మొదటిరోజే ముంజేతి మీద ఇంత నీలం మరక. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు." ఆయన కళ్ళజోడు తీసేశారు. "ఇక్కడ టైపు నేర్చుకుని మూడు నెలల్లో తెనాలి వెళ్ళిపోదామనే వచ్చాను. నలుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. దాసన్నా... నువ్వేనా?"

క్రీస్తుదాసు తలెత్తి చూశాడు. సన్న పిలగాడికి బొజ్జ వచ్చింది, జుట్టు పోయింది. చూసి చూసి, "ఇప్పుడన్న గీత లోపల నింపుతవా సార్?" అన్నాడు.

మొదట నవ్వింది బుచ్చమ్మే. తరవాత సందంతా నవ్వింది. రామకృష్ణగారు కూడా నవ్వారు, కళ్ళు తుడుచుకుంటూనే. నవ్వు తగ్గాక తారక్ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు. "ఏ ఊరు బాబూ?"

"పలాస దగ్గరండీ."

"మూడు నెలలనే వచ్చావా?"

"అవునండీ. ఎనిమిది అయింది."

"నాకు ఇరవై నాలుగేళ్ళయింది" అన్నారాయన. తరవాత హైందవి వైపు తిరిగి, "లెక్క మొదటినుంచి వేయమ్మాయ్. అందర్నీ వేయి" అన్నారు. హైందవి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. భీమవరంలో పెద్దవాళ్ళతో అలా చేస్తే వీపు మోగేది.

ఇక అక్కడినుంచి బాల్కనీలు ఆగలేదు. అందరికంటే ముందు దిగింది రామకృష్ణగారి భార్య వరలక్ష్మిగారే. ఆవిడ చేతిలో ముగ్గు డబ్బా. "లెక్క కాగితాల మీద వేస్తే ఎవరికి కనబడుతుందండీ?" అని హాలు ముందు నేల మీద పది వరసలు, వరసకి పది చుక్కల చోటు వేలితో కొలుచుకుంది. ఒకరు గడి నింపితే ఒక చుక్క పడాలి. వంద చుక్కలూ పడ్డాక వాటిని కలుపుతూ ముగ్గు వేస్తానంది. "ఈ ముగ్గు నా ఒక్కదానిదీ కాదు సుమా" అని అందరికీ చెప్పింది.

మధ్యాహ్నమంతా తిరునాళ్ళే. ఇస్త్రీ బండి హనుమాండ్లు వచ్చి బొమ్మలోని తన ఇస్త్రీపెట్టెని తానే ఎర్రగా నింపుకున్నాడు. హాస్టల్ వార్డెన్ కుసుమకుమారిగారు తన గడిలో మెట్ల మీద నిలబడ్డ అమ్మాయి బొమ్మకి చేతిలో సెల్‌ఫోన్ పెట్టి, "రాత్రంతా ఇదే మాటలు, నిద్ర పోనివ్వరు" అని ఫిర్యాదు కూడా గోడకే చెప్పుకుంది. బుచ్చమ్మ తన బండి మీది పొగకి గులాబీ రంగు వేస్తానని పట్టుబట్టింది. "పొగ గులాబీ ఉంటదా అక్కా?" అని క్రీస్తుదాసు అడిగితే, "నా పొగ, నా ఇష్టం" అంది. ఆయనే గులాబీ రంగు కలిపిచ్చాడు. ఎవరిదైనా రంగు గీత దాటితే పరుగెత్తుకెళ్ళి దిద్దబోయేవాడు. దగ్గరికి వెళ్ళి ఆగిపోయేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి వచ్చేవాడు. నీలం అక్షరాల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వాటి చుట్టూ బొమ్మలో తెల్లవారింది.

అయిదున్నరకి ఆయన తెల్ల చొక్కా మీద ఏడు రంగులున్నాయి. నేల మీద తొంభై తొమ్మిది చుక్కలున్నాయి.

"ఏమండీ, రండి" అంది వరలక్ష్మిగారు, చిటికెలో ముగ్గుపిండి పట్టుకుని. "నూరోది మీదే."

క్రీస్తుదాసు నీలం రంగులో ముంచి బ్రష్ అందించాడు. గోడ మధ్యలో ఒకే ఒక్క గడి ఖాళీగా ఉంది. రామకృష్ణగారు బ్రష్ తీసుకున్నారు. గోడ దాకా వెళ్ళారు. చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వెయ్యండి సార్!" అన్నాడు తారక్.

ఆయన వెనక్కి తిరిగారు. మొహంలో రక్తం లేదు.

"హైందవీ... నువ్వు వంద మందిని తేలేవనుకున్నానమ్మా. పది మంది కూడా రారనుకున్నాను." బ్రష్ దించేశారు. "శుక్రవారమే సంతకం పెట్టేశాను. ఈ గోడ ఇన్‌స్టిట్యూట్‌ది. ఆదివారం సాయంత్రం మొదలుపెట్టుకోమని నేనే చెప్పాను. పొద్దుటినుంచీ మీకు చెప్పే ధైర్యం చాలలేదు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే సందు మొదట్లో హారన్ మోగింది. ఓ వ్యాను వెనక్కి వెనక్కి వస్తూ సందులోకి తిరిగింది. పైన రెండు నిచ్చెనలు, తెల్ల పెయింటు డబ్బాలు, చుట్టచుట్టిన పెద్ద ఫ్లెక్సీ. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండి, జరగండి, గోడ పని ఉంది!" అని అరిచాడు.

హైందవి చేతిలోంచి బకెట్ జారింది. తొంభై తొమ్మిది మంది, రంగు చేతులతో, క్రీస్తుదాసు వైపు చూశారు. పొద్దుటినుంచి ఏం చేయాలో చెప్పింది ఆయనే మరి.

ముసలాయన తొందరపడలేదు. జేబులోంచి మేకు తీసి చూసుకుని, దూరంగా పారేశాడు. సుద్దపొడి దారం ఒక చివర తారక్ చేతిలో పెట్టాడు. రెండో చివర తాను పట్టుకుని వ్యానుకి అడ్డంగా, సందు ఆ పక్కకి నడిచాడు.

"ఎవ్వరు కదలకుండ్రి. డెమో క్లాసు ఇంక అయిపోలే" అన్నాడు. తరవాత రామకృష్ణగారి వైపు చూసి, "సార్, ఇంక ఆరు కాలే, నూరోది పడితే గోడ మనది. బ్రష్ ఎండిపోతుంది. వేస్తవా, వెయ్యవా?" అని అడిగాడు.

వ్యాను దారం ముందుకొచ్చి ఆగింది. వరలక్ష్మిగారు భర్త మొహం మీదనుంచి చూపు తిప్పలేదు. నూరో చుక్క ఆవిడ వేళ్ళ మధ్య ఇంకా అలాగే ఉంది.